రేపటి తేదీతో వెళ్లిన యుత్తరము
(లినక్సు కంప్యూటరునందలి పరిసర చలరాశులనుగూర్చిన పాఠము)

గడచిన జూలై నెల 31వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు మన పాఠశాల కార్యాలయమునుండి యొక యుత్తరము బయలుదేరెను. బిళ్ల యంటించి డబ్బాలో వేసిన యుత్తరము గాదు. కంప్యూటరునుండి పంపిన ఈ-మెయిలు. పదవ తరగతి ముగించిన యొక బాలికకు పైచదువు నిమిత్తము విద్యార్థివేతనము దయచేయుడని కోరుచు, ఆమె మార్కుల పట్టికయు, తండ్రి యాదాయపత్రమును జతచేసి పంపిన దరఖాస్తది. గడువు ఆ రాత్రి పండ్రెండు గంటలు. తండ్రి కొబ్బరిపీచు పనిచేసి జీవించువాడు. ఆదాయపత్రము చేతికి వచ్చునప్పటికే దీపములు పెట్టు వేళయయ్యెను. ఎట్లయిననేమి, నాలుగు గంటల వ్యవధి మిగిలియుండగనే పంపితిమి గదా యని సంతసించి యందరము ఇండ్లకు పోయితిమి.

నాలుగు దినములకు ప్రత్యుత్తరము వచ్చినది. మీ దరఖాస్తు ఆగస్టు 1వ తేదీ యుదయము 7 గంటలకు వ్రాయబడినట్లు కానవచ్చుచున్నది. గడువు దాటినది గావున పరిశీలింప వీలులేదు అని దాని సారాంశము.

ఆ దినమున కార్యాలయములో జరిగిన సంభాషణ యంతయు ఇచ్చట వ్రాయను. బాలిక తల్లి వచ్చి గడపయొద్ద నిలుచుండి, తన బిడ్డ చేసిన తప్పేమని యడిగినది. గుమాస్తాగారు రాత్రి పంపితినని మరచి, తెల్లవారి వచ్చి పంపియుండునని ఒకరిద్దరు గొణిగిరి. ఆయన మాటాడలేదు, కంప్యూటరు తెరచి, పంపిన యుత్తరముల జాబితాను చూపెను. అందు జూలై 31, రాత్రి 8 గంటలు అని స్పష్టముగా నుండెను. అవతలివారి జాబులో ఆగస్టు 1, ఉదయము 7 గంటలు అని యంతే స్పష్టముగా నుండెను. రెంటిలో నొకటి యబద్ధమాడుచుండవలెనని మేమందరము తలంచితిమి. రెండును తమకు తెలిసిన నిజమునే చెప్పుచుండెనని తరువాత తేలినది. ఎట్లు తేలినదో చెప్పుటయే యీ పాఠము.

ముందుగా నొక మాట. ఈ సంచిక తెలుగు అచ్చులో వెలువడుచున్నది గనుక, కంప్యూటరునకిచ్చు నాజ్ఞలను పలుకునట్లుగా తెలుగక్షరములలో వ్రాయుచున్నాను. యంత్రముముందు కూర్చుండినప్పుడు వానిని ఆంగ్లాక్షరములలో కొట్టవలెను. చలరాశుల పేర్లు సాధారణముగా పెద్దక్షరములలోను, ఆజ్ఞల పేర్లు చిన్నక్షరములలోను ఉండును. సమానచిహ్నమునకు అటునిటు ఖాళీ విడువరాదు. విడిచినయెడల యంత్రమునకు బోధపడదు.

మన కార్యాలయపు కంప్యూటరు లినక్సుపై నడుచునది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లండు దేశపు విద్యార్థి మొదలుపెట్టిన లినక్సు, అంతకు పూర్వమే యున్న యూనిక్సు పద్ధతుల ననుసరించినది. ఆ పద్ధతులలో నొకటి పరిసర చలరాశి. 1979లో వెలువడిన యూనిక్సు ఏడవ కూర్పునుండి యిది వాడుకలో నున్నది. బీజగణితములో క్ష, య అను చలరాశులకు మీరు విలువలిచ్చుచుందురు గదా, ఇదియు నట్టిదే. ఎడమవైపున నొక పేరు, కుడివైపున నొక విలువ. ఒక ప్రోగ్రాము నడువనారంభించునపుడు ఇట్టి పేర్లును విలువలునుగల యొక చిన్న జాబితా దానిచేతికి వచ్చును. నీ యజమానుని పేరిది, నీ యిల్లిది, నీవు మాటాడవలసిన భాష యిది, నీవు పాటింపవలసిన కాలమానమిది అని యా జాబితా చెప్పును.

ఈ జాబితా ఎక్కడనుండి వచ్చును? ఆ ప్రోగ్రామును పుట్టించిన ప్రోగ్రామునుండి. బడికి బయలుదేరు బిడ్డకు తల్లి మూట కట్టియిచ్చినట్లనుకొనుడు. తల్లివద్దనున్నదానికి నకలు బిడ్డ మూటలో నుండును. బిడ్డ దారిలో ఆ మూటలో నేమి మార్చినను ఇంటివద్ద తల్లి కొట్టులో నేమియు మారదు. బిడ్డ వెడలిన పిమ్మట తల్లి తన కొట్టులో క్రొత్త వస్తువుంచినను, వెళ్లిపోయిన మూటలోనికది పోదు. ఈ రెండు వాక్యములు చక్కగా జ్ఞప్తియందుంచుకొన్నచో, పరిసర చలరాశులవలన గలుగు చిక్కులలో సగము విడిపోవును. ఏలయన, ఒకడు ఆజ్ఞాఫలకములో విలువ మార్చి, అంతకుముందే తెరచియున్న ప్రోగ్రాములో మార్పు కానరాదేమని విసుగుకొనుచుండుట మిక్కిలి తరచుగా జరుగును.

ఇక రోగనిదానమునకు వత్తము. మొదటి ప్రశ్న: మా తపాలా ప్రోగ్రాము ఉత్తరమును సరిగా నప్పగించుచున్నదా, లేక దానిని లోపల దాచుకొని మరునాడు పంపుచున్నదా? మేము వాడునది ఎవల్యూషన్ అను ప్రోగ్రాము. దానిలోపల ఉత్తరములను మోసికొనిపోవు భాగమునకు కేమెల్, అనగా నొంటె, అని పేరు పెట్టిరి. ఈ యొంటె మామూలుగా నోరు మెదపదు. దానిచేత మాటాడించుటకు ఒక పరిసర చలరాశి యున్నది: కేమెల్_డీబగ్=ఎస్ఎంటీపీ ఎవల్యూషన్ అని ఒకే పంక్తిలో ఆజ్ఞ యియ్యవలెను. ఇట్లు ఆజ్ఞకుముందు వ్రాసిన చలరాశి ఆ యొక్క పరుగునకు మాత్రమే వర్తించును. తరువాత దాని జాడ యుండదు. పరీక్షలకు ఇంతకంటె నిరపాయమైన పద్ధతి లేదు. ఎస్ఎంటీపీ యనునది ఉత్తరములు పంపు పద్ధతికి పేరు. 1982నుండి, మధ్య మధ్య సవరింపబడుచు, అది నడుచుచున్నది. వచ్చిన యుత్తరములను సర్వరునుండి చదువుటలో తప్పు వెదకవలెనన్నచో, ఎస్ఎంటీపీకి బదులుగా ఐమ్యాప్ఎక్స్:ఐఓ అని వ్రాయవలెను.

నేనిట్లు ఆజ్ఞ యిచ్చితిని. ఏమియు పలుకలేదు. మరల నిచ్చితిని. అప్పుడును మౌనమే. అరగంట వ్యర్థమైన పిమ్మట కారణము తట్టినది: గుమాస్తాగారు ఉదయమున తెరచిన ఎవల్యూషన్ ఇంకను నడుచుచునే యుండెను. రెండవమారు పిలిచినపుడు క్రొత్త ప్రోగ్రాము పుట్టలేదు. పాతదే మేల్కొని మరియొక కిటికీ తెరచినది. పాతదాని మూటలో నా చలరాశి లేదు. కిటికీ మూసినంతమాత్రమునను లోపలి పని యాగిపోవునన్న నమ్మకము లేదు. ఎవల్యూషన్ --ఫోర్స్-షట్‌డౌన్ అని యాజ్ఞ యిచ్చి దానిని పూర్తిగా నాపి, అప్పుడు మొదలుపెట్టవలెను. థండర్‌బర్డ్ అను ప్రోగ్రామునందును ఇదే చిక్కున్నది. ముందున్నదానిని పూర్తిగా మూయక క్రొత్త చలరాశితో పిలిచిన ప్రయోజనముండదు.

ఈ పర్యాయము ఒంటె నోరు విప్పినది. నా పేరనే యొక పరీక్షాలేఖను పంపి చూచితిని. తెరపై సర్వరునకును మా ప్రోగ్రామునకును జరిగిన సంభాషణ పంక్తి పంక్తిగా కానవచ్చినది. సర్వరు ప్రతిమాటకు ముందు ఒక మూడంకెల సంఖ్య చెప్పును. 220 అనిన, నేను సిద్ధముగా నున్నానని యర్థము. 250 అనిన సరే యని. 354 అనిన ఉత్తరము చదువుమని. 535 అని పలికినయెడల సంకేతపదము నొప్పుకొనలేదని తెలిసికొనవలెను. 550 అనిన, సామాన్యముగా ఆ చిరునామా గలవాడు లేడని. మాకు వచ్చినవన్నియు శుభసంఖ్యలే. ఉత్తరమంతయు విన్న తరువాత సర్వరు 250 అని పలికెను. అనగా బాధ్యత తాను స్వీకరించెను. పంపు బటను నొక్కినప్పటినుండి యిదంతయు రెండు మూడు సెకనులలో ముగిసినది. కావున గుమాస్తాగారు రాత్రి ఎనిమిదింటికి పంపియున్నయెడల ఉత్తరము ఎనిమిదింటికే పోయియుండవలెను. తప్పు ప్రయాణములో లేదు.

అట్లయిన తప్పు తేదీలోనే యుండవలెను. ఉత్తరము తేదీని ఎవరు వేయుదురు? ఇచ్చట చాలమంది పొరబడుదురు. కాగితపు టుత్తరమునకు రెండు తేదీలుండును. పైన కుడిమూల మనము వ్రాసికొనునది యొకటి. తపాలా కచేరీవారు బిళ్లమీద కొట్టు ముద్ర యొకటి. ఈ-మెయిలునకును అంతే. డేట్ అను పంక్తి పంపువాని కంప్యూటరు వ్రాయునది. రిసీవ్డ్ అను పంక్తులు దారిలోని ప్రతి సర్వరును తన గడియారమును చూచి వేయు ముద్రలు. ప్రతి సర్వరును తన ముద్రను అన్నిటికంటె పైన వేయును గనుక, ప్రయాణక్రమము తెలియవలెనన్న వానిని క్రిందినుండి పైకి చదువవలెను. అడుగు ముద్రలను కపటి యైనవాడు కల్పించి వ్రాయవచ్చును. కాని యన్నిటికంటె పైనున్నది చదువువాని సొంత సర్వరు వేసినది. దానిని పంపినవాడు మార్చజాలడు. మామూలుగా ఈ పంక్తులు కంటబడవు. ఎవల్యూషనులో ఉత్తరము తెరచి, కంట్రోల్ మీటయు యు అను నక్షరమును కలిపి నొక్కినచో మూలరూపము కానవచ్చును.

నా పరీక్షాలేఖ మూలమును అట్లు తెరచితిని. నేను పంపినది ఉదయము పది గంటలకు. సర్వరుల ముద్రలు పది గంటలనియే చెప్పుచుండెను. డేట్ పంక్తియు 10:00:00 అనియే చెప్పుచుండెను! ఏమి తేడా లేదనుకొని మూయబోయితిని. అప్పుడు పంక్తి చివర కన్ను పడినది. సర్వరుల ముద్రలలో గంటల తరువాత +0530 అని యుండెను. మాదానిలో -0530 అని యుండెను. ఒక్క గీటు. నిలువుగీటు లేని సంకలనచిహ్నము.

ఆ నాలుగంకెల యర్థమును క్రింది తరగతుల బాలురకై చెప్పెదను. భూమి ఒక దినములో 360 భాగలు తిరుగును గావున ఒక్కొక్క భాగకు నాలుగు నిమిషములు. గ్రీనిచ్ మొదలు లెక్కపెట్టి తూర్పున 82½ భాగల రేఖమీది కాలమును భారతదేశమంతటికి ప్రమాణముగా గైకొనిరి. ఇది 1906 జనవరి 1నుండి యమలునకు వచ్చినది. అంతకుముందు రైళ్లు మద్రాసు కాలము ననుసరించుచుండెను. అది గ్రీనిచ్‌కంటె 5 గంటల 21 నిమిషములు ముందు. 82½ని నాలుగుచే హెచ్చింపగా 330 నిమిషములు, అనగా 5 గంటల 30 నిమిషములు. దేశమంతయు గడియారములు దిద్దుకొను ఆ రేఖ మనకు దూరమున లేదు; కాకినాడకు కొంచెము తూర్పుగా, అన్నవరము తుని ప్రాంతముమీదుగా పోవుచున్నది. రాజమహేంద్రవరము దానికి పడమరగా ముప్పాతిక భాగకు కొంచెము తక్కువ దూరముననున్నది గాన, అచ్చట సూర్యుడు నడినెత్తికి వచ్చుట మూడు నిమిషములు మాత్రమే వెనుక. ఇక మన ప్రాంతమున నుండు కంప్యూటరు గ్రీనిచ్‌కు తూర్పుననున్నానని +0530 అని చెప్పవలసియుండగా, -0530 అని చెప్పుచు అట్లాంటిక్ మహాసముద్రము దాటి అమెరికా తట్టుననున్నానని యబద్ధమాడుచుండెను.

ప్రింటెన్వ్ టీజెడ్ అని యడిగితిని. టీజెడ్ యనునది కాలమండలమును తెలుపు పరిసర చలరాశి. సమాధానము: ఐఎస్టీ+5:30.

చూచువానికి ఇది నూటికి నూరుపాళ్లు సరిగానే యుండును. భారత ప్రమాణకాలము గ్రీనిచ్‌కంటె అయిదున్నర గంటలు ఎక్కువే గదా. కాని యీ చలరాశిలో చిహ్నము తలక్రిందులు. మన కాలమునకు ఎంత కలిపిన గ్రీనిచ్ కాలము వచ్చునో ఆ సంఖ్యను ఇందు వ్రాయవలెను. మన కాలమునుండి 5:30 తీసివేసినగాని గ్రీనిచ్ కాలము రాదు గనుక మనము వ్రాయవలసినది ఐఎస్టీ-5:30. ఇట్లేల చేసిరనిన, యూనిక్సు పుట్టినది అమెరికాలోని న్యూజెర్సీలో. అచ్చటివారికి గ్రీనిచ్ కాలము కావలెనన్న తమ కాలమునకు అయిదు గంటలు కలుపవలెను. వారు తమకు సులువైనట్లు ఐదు అని ధనసంఖ్య వ్రాసికొనిరి. తూర్పుననున్న మన పాలికి ఋణసంఖ్య వచ్చినది. ఉత్తరముల డేట్ పంక్తి ఏర్పాటు చేసినవారు దీనికి విరుద్ధమైన పద్ధతి నెన్నుకొనిరి. ఒకే యంత్రములో ఒకే విషయమును రెండుచోట్ల రెండు చిహ్నములతో వ్రాయవలసివచ్చుట నాకు గిట్టదు. కాని ఉన్నది ఉన్నట్లు తెలిసికొనక తప్పదు.

ఆ పంక్తిని అందులో వ్రాసినవాడెవడు? వెదుకగా యజమాని గృహమందలి చుక్క-ప్రొఫైల్ అను పత్రములో దొరికినది. అది వ్రాసినవాడను నేనే. రెండు సంవత్సరములక్రిందట సంక్రాంతి సెలవులకు ముందు ఆ యంత్రములో లినక్సును మరల ప్రతిష్ఠించినపుడు, గడియారము గ్రీనిచ్ కాలమును, అనగా అయిదున్నర గంటలు వెనుకకు, చూపుచుండెను. బస్సునకు వేళయగుచున్నదని తొందరలో ఆ యొక్క పంక్తి వ్రాసి, మరల లోనికి ప్రవేశించి సరిచూడకయే వెడలిపోయితిని. సెలవుల తరువాత గుమాస్తాగారు యంత్రము తెరచునప్పటికి గడియారము అయిదున్నర గాక పదునొకండు గంటలు వెనుకబడియుండెను. ఆయన ఏమి చేయును? చేతిగడియారము చూచి, తెరమీది గడియారమును పదునొకండు గంటలు ముందుకు త్రిప్పెను. చేతితో త్రిప్పినందున, అంతర్జాలమునుండి తనంతట తాను కాలము దిద్దుకొను నేర్పాటు నిలిచిపోయినది. నా తప్పును ఆయన సవరణ కప్పివేసినది. ఆనాటినుండి తెర సరియైన గంటనే చూపుచు వచ్చెను. కాలమండలము పేరు గూడ ఐఎస్టీ యనియే చూపెను. ఎవరికి సందేహము గలుగును?

లెక్క వేసి చూతము. జూలై 31 రాత్రి 8 గంటలు మన కాలము. గ్రీనిచ్ కాలము మధ్యాహ్నము 2:30. కాని యంత్రము గడియారము పదునొకండు గంటలు ముందుకు త్రిప్పబడినది గనుక, దాని లెక్కలో గ్రీనిచ్ కాలము అర్ధరాత్రి దాటి 1:30, ఆగస్టు 1. దానినుండి తప్పుడు చలరాశి ప్రకారము 5:30 తీసివేయగా మరల జూలై 31 రాత్రి 8 గంటలు. తెరపై చూపినదిదే. ఉత్తరముపై వేసినది: జూలై 31, 20:00, -0530. అవతలి కంప్యూటరు దీనిని చదివి, తన గ్రీనిచ్ కాలమును లెక్కించి 1:30 అని తెలిసికొని, దానికి సరియైన 5:30 కలిపి ఆగస్టు 1, ఉదయము 7 గంటలు అని చూపినది. అది లెక్క తప్పలేదు.

ఈ రెండేండ్లలో మరి యెవరును కనిపెట్టకపోవుటకు కారణము గలదు. మధ్యాహ్నము ఒంటిగంటలోపల పంపిన యుత్తరములు ఆ తేదీతోనే, ఏ సాయంకాలమో రాత్రియో పంపినట్లు చేరుచుండెను. ఒంటిగంట దాటినవి మాత్రమే మరునాటికి దొర్లుచుండెను. అదిగాక భవిష్యత్కాలపు తేదీగల యుత్తరములను కొన్ని జల్లెడ ప్రోగ్రాములు చెత్తయుత్తరములకు లక్షణముగా నెంచును. మన యుత్తరములు కొన్ని చెత్తడబ్బాలో దొరికినవని ఇతరులు చెప్పుట కిదియు నొక కారణమై యుండవచ్చును. వచ్చిన యుత్తరముల కాలము మాకు పదునొకండు గంటలు వెనుకగా కానవచ్చుచుండెను. పగలు పది గంటలకు పంపినది ముందునాటి రాత్రి పదునొకండు గంటలకు పంపినట్లు చూపుచుండెను. పై కార్యాలయములవారు నడిరేయి కూడ మేల్కొని పనిచేయుచున్నారని గుమాస్తాగారు మెచ్చుకొనుచుండిరి. ఆ మెచ్చుకోలులోనే మాకు తప్పు పట్టుబడవలసియుండెను.

నిశ్చయపరచుకొనుటకు నాలుగు చిన్న పరీక్షలు చేసితిని. అప్పుడు వేళ సరిగా పగలు పది గంటలు. డేట్ అని యడుగగా పది గంటలు, ఐఎస్టీ యని చెప్పెను. డేట్ -ఆర్ అని యడుగగా పది గంటలే చెప్పి చివర -0530 అని చేర్చెను. డేట్ -యు అని గ్రీనిచ్ కాలమడుగగా 15:30 అని చెప్పెను, చెప్పవలసినది 4:30. నాలుగవది, టీజెడ్=ఏషియా/కోల్కతా డేట్ అని ఆ యొక్క పరుగునకు సరియైన కాలమండలమునిచ్చి యడుగగా రాత్రి తొమ్మిది గంటలని చెప్పెను. ఇచ్చట రెండు తప్పులును వేరువేరుగా బయటపడినవి. ఒక తప్పే యున్నదనుకొని చలరాశిని మాత్రము తుడిచివేసియుందునేని, గడియారము పగటిని రాత్రిగా చూపును. మరల నెవరో చేతితో త్రిప్పుదురు.

ఇక చికిత్స. చుక్క-ప్రొఫైలులోని పంక్తిని తీసివేసితిని. టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-టైమ్‌జోన్ ఏషియా/కోల్కతా అను నాజ్ఞతో యంత్రమంతటికి కాలమండలము నేర్పరచితిని. టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ట్రూ అను నాజ్ఞతో కాలము తనంతట దిద్దుకొనునట్లు చేసితిని. ఇట్లు నగరము పేరు చెప్పుటవలన ధనఋణముల చిక్కే యుండదు. లోకమందలి కాలమండలములన్నిటికి ఇట్టి పేర్లుగల పట్టికను ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అను నాతడు 1980-90ల నడుమ ప్రారంభించెను. దాదాపు లినక్సు యంత్రములన్నియు దానినే వాడుచున్నవి. పిమ్మట సెషనునుండి పూర్తిగా వెలుపలికి వచ్చి మరల ప్రవేశించితిని, తల్లి క్రొత్త మూట కట్టవలెను గదా.

చలరాశి వ్రాయు స్థలమునుగూర్చి యొక మాట చెప్పవలసియున్నది. ఈటీసీ/ఎన్విరాన్‌మెంట్ అను పత్రములో వ్రాసినది యంత్రమందలి యందరికిని వర్తించును. చుక్క-ప్రొఫైలులో వ్రాసినది ఆ యజమాని సెషనునకు సామాన్యముగా వర్తించును. చుక్క-బ్యాష్ఆర్సీలో వ్రాసినది ఆజ్ఞాఫలకమునుండి పుట్టినవానికే వర్తించును. మెనూలోని బొమ్మను నొక్కి తెరచిన ప్రోగ్రామునకు తెలియదు. ఆజ్ఞాఫలకమునుండి తెరచిన బాగుగా నడుచును, బొమ్మ నొక్కిన నడువదు, లేక అందుకు మారుగా, అని యెవరైన చెప్పినయెడల ముందుగా నీ తేడానే యనుమానింపుడు.

మీ యిండ్లలో ఎవల్యూషనునకు బదులు థండర్‌బర్డ్ వాడువారు కలరు. దానికి చలరాశులు వేరు. మోజ్_లాగ్=ఐమ్యాప్:5,టైమ్‌స్టాంప్ అనియు, మోజ్_లాగ్_ఫైల్ అను దానికి ఒక పత్రము చోటును పేరును ఇచ్చియు పిలిచినచో, ఉత్తరములు తెచ్చుకొనునప్పటి సంభాషణ ఆ పత్రములో చేరును. ఇందలి 5 అను నంకె మాటల పరిమాణము. ధవళేశ్వరమువద్ద గోదావరి 11.75 అడుగులు చేరిన మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది యని మనకు తెలిసినదే. అచ్చట అంకె పెరిగినకొలది ప్రమాదము పెరుగును. ఇచ్చట అట్లు గాదు. 1 అనిన తప్పులు మాత్రము చెప్పుమని. 5 అనిన ప్రతి చిన్నమాటయు చెప్పుమని. ఉత్తరములు పంపు భాగమునకు మాత్రము ఇటీవలి థండర్‌బర్డ్ కూర్పులలో ఈ చలరాశి పనిచేయదు. దానికి ప్రోగ్రాము లోపలి యమరికలలో మెయిల్‌న్యూస్.ఎస్ఎంటీపీ.లాగ్‌లెవెల్ అను దానిని మార్చి, తప్పుల ఫలకములో చూచుకొనవలెను.

భాషకు సంబంధించిన చలరాశులు మరికొన్ని గలవు. లాంగ్ అనునది సామాన్యపు భాష. ఎల్‌సీ_ఆల్ అనునది తక్కిన లొకేలు చలరాశులన్నిటిని త్రోసివేయును. తెలుగుతెరతో నడుచు ప్రోగ్రాము తెలుగులో తప్పు చెప్పుచుండగా, దూరదేశపు సహాయకునకు దానిని చూపవలెనన్న, ఎల్‌సీ_ఆల్=సీ.యూటీఎఫ్-8 అని ముందుంచి ఒకమారు నడిపినచో సందేశములు ఆంగ్లములో వచ్చును. యూటీఎఫ్-8 అనుట మరువరాదు. ఉత్త సీ యని విడిచినచో కొన్ని ప్రోగ్రాములలో మన తెలుగక్షరములు ప్రశ్నార్థకములుగా మారును. ఎవల్యూషనులో ఉత్తరము తెరచినచోట తెల్లని గోడవలె నేమియు కానరానియెడల, చిత్రఫలకమునకును వెబ్‌కిట్ భాగమునకును పొసగకపోవుట కారణమై యుండవచ్చును; వెబ్‌కిట్_డిజేబుల్_డీఎంఏబఫ్_రెండరర్=1 అని ముందుంచి చూడుడు. ఇవి మాకు ఇంతవరకు అవసరపడలేదు గాన వివరింపను.

ఒక్క విషయములో మాత్రము పిల్లలు జాగ్రత్తగా నుండవలెను. ఒంటె నోరు విప్పినపుడు తనకు తెలిసినదంతయు చెప్పివేయును. ఐమ్యాప్ సంభాషణలో ఉత్తరముల పూర్తి పాఠమే యుండవచ్చును. తలిదండ్రులు ప్రధానోపాధ్యాయులకు వ్రాసికొన్న యింటికష్టములు, ఒకరి జబ్బు, ఒకరి యప్పు అందులో నుండును. కావున అట్టి పత్రమును సహాయము కోరి యితరులకు పంపునపుడు అవసరమైన పది పంక్తులను మాత్రమే తీసి, పేర్లు చెరిపి పంపవలెను. పని ముగిసినవెంటనే పత్రమును తుడిచివేయవలెను. మేమును అట్లే చేసితిమి.

బాలిక సంగతి మిగిలియున్నది. మావద్దనున్న నకలులో సర్వరుల ముద్రలుండవు. పంపిన యుత్తరము బయలుదేరిన పిమ్మటనే గదా ముద్రలు పడుట. మా పరీక్షాలేఖ మా గడియారపు తప్పును రుజువు చేయగలదు గాని, ఆ రాత్రి ఆ దరఖాస్తు వెళ్లెనని రుజువు చేయజాలదు. ఆ రుజువు అవతలివారివద్దనే యున్నది. కావున ప్రధానోపాధ్యాయుల సంతకముతో ఒక జాబు వ్రాసితిమి: మా కంప్యూటరు వేసిన తేదీ తప్పు, ఆ తప్పు మాది, మీవద్దనున్న ఉత్తరమునకు మూలరూపము తెరచి, అన్నిటికంటె పైనున్న రిసీవ్డ్ పంక్తిని చూడుడు, అది మీ సొంత సర్వరు వేసిన ముద్ర, దాని ప్రకారము మీరేమి నిర్ణయించినను మాకు సమ్మతమే. దానితో పై లెక్కను గూడ జతపరచితిమి.

మూడవనాడు సమాధానము వచ్చినది. పైపంక్తిలో జూలై 31, 20 గంటలు, +0530 అని యున్నదనియు, దరఖాస్తును గడువులోపల వచ్చినదానిగా చేర్చుకొంటిమనియు వ్రాసిరి. అక్టోబరులో మొదటి విడత సొమ్ము వచ్చినది. బాలిక యిప్పుడు ఇంటర్మీడియెటు చదువుచున్నది. సెలవులకు వచ్చినపుడు తన యుత్తరము మూలరూపమును చూపుమని యడిగి, ఆ గీటు ఎక్కడనున్నదో వ్రేలుపెట్టి చూచుకొని పోయినది.

నేను గుమాస్తాగారిని అందరియెదుట క్షమాపణ వేడితిని. ఆయన, చేతితో త్రిప్పినవాడను నేనే గదా యని, ఆ మాట నంతటితో నాపివేసెను. ఇప్పుడు ప్రతి సోమవారము ఉదయము యంత్రము తెరవగానే డేట్ -ఆర్ అని కొట్టి, వచ్చిన పంక్తిని హాజరుపుస్తకము చివరిపుటలో ఎఱ్ఱసిరాతో వ్రాసికొనుచున్నారు. సంకలనచిహ్నమును మాత్రము రెండుమారులు దిద్దుచున్నారు.